మా నాయన విరిచిన ముద్ద

మా నాయన చేతిలో ఏం పెట్టినా ముందు విరిచి చూస్తాడు, ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటాడు. సంగటి ముద్ద అయినా అంతే, లడ్డు అయినా అంతే. మా అవ్వ తద్దినం నాడు పిండాన్ని గూడా విరవబోతే అయ్యవారు గబుక్కున చెయ్యి పట్టుకుని, "చిక్కవెంకటప్పా, అది మీ అమ్మకు పెట్టేది. ఆమె అందులో ఏం దాచుకుంటుందప్పా!" అనినాడు. అందరూ నవ్వినారు. మా నాయన నవ్వలే. ఎవరైనా నవ్వితే ఏంటికి నవ్వినారా అని ఆరా తీసే రకం ఆయన.

కేజీఎఫ్‌లో మా లైన్లకు వచ్చి, అంటే గని కూలోళ్ళకు కట్టించిన ఆ వరస ఇండ్ల కాడికి వచ్చి, చిక్కవెంకటప్ప ఇల్లు యాడ అని అడిగితే ఎవరూ చెప్పరు. 'తడిమే ఎంకటప్ప' అని అడగండి, చీమిడి ముక్కు పిల్లోళ్ళు గూడా చెయ్యి పట్టుకుని తెచ్చి వదుల్తారు. గనిలోకి దిగే షాఫ్టు గేటు కాడ వాచ్‌మన్ ఉద్యోగం ఆయనది. షిఫ్టు ముగిసి మనుషులు భూమి లోపలినుంచి పైకి వస్తే, ఒక్కొక్కరినీ నిలబెట్టి తడమాల. జుట్టులో వేళ్ళు పెట్టాల, నోరు తెరిపించాల, బూట్లు విదిలించాల, సద్దిగిన్నె మూత తియ్యాల. బంగారు రాయి ముక్క ఎవరైనా దాచుకుని పోతా ఉండారేమోనని. ఏమీ దొరక్కపోతే ముక్కుతో ఒక శబ్దం చేసి, "ఊ, పో" అంటాడు. అంతే. ఆ "ఊ, పో" కోసం వేలమంది ఆయన ముందర చేతులెత్తి నిలబడినారు.

మా తాత కుప్పం పక్క పల్లెనుంచి వచ్చి గనిలో దిగినోడు. నాయనకు పైనే పని దొరికింది. తెల్లదొరలు పోయినారు, గని సర్కారుదయ్యింది, బోర్డులు మారె, యూనిఫారం మారె. మా నాయన చెయ్యి మాత్రం మారలే. సద్దిలో ముద్దను విరిచి చూడమని ఏ రూల్లోనూ లేదు. అది ఆయన సొంతంగా పెట్టుకున్న రూలు. "ముద్దలో పెట్టుకుని పోతే ఎవడు చూడొచ్చినాడు?" అంటాడు. ఒక్క ముద్దలో ఒక్కసారన్నా దొరికిందా అని నేనడిగితే, "దొరకలేదంటే లేదని కాదు" అంటాడు. ఇట్లాంటి మనిషితో మాట్లాడి గెలిచేదెట్ల?

పోనీ, గేటు కాడ చేసేది గేటు కాడ వదిలేసి రావచ్చు గదా. రాడు. ఇంటికొచ్చినాక గూడా ఆ చేతులు డ్యూటీలోనే ఉంటాయి. క్రిస్మస్‌కు పక్కింటి ఎస్తరమ్మ కజ్జికాయలు పంపితే అన్నింటినీ చిదిమి పెట్టినాడు. ఆ మహాతల్లి మరుసటేడు, "ఎంకటప్పన్నకు నేనే చిదిమి పంపినాను" అని పూర్ణం ఒక గిన్నెలో, పిండి ఒక గిన్నెలో పంపింది. నాకు మొదట వచ్చిన సంబంధం ఎట్ల పోయింది తెలుసునా? ఎండాకాలంలో పిల్లోడు ఫుల్‌చేతుల చొక్కా వేసుకొచ్చినాడు. "చొక్కా చేతుల్లో ఏమి దాస్తా ఉండాడు వీడు?" అని మడిచి చూపించమన్నాడు. రెండోది వాళ్ళ అమ్మ మా ఇంట్లో నీళ్ళు తాగలేదని. నీళ్ళు తాగనోళ్ళు ఏదో తలపెట్టుకునే వచ్చినారంట! అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. మా ఇంట్లో ఆ భూతం యూనిఫారం వేసుకుని తిరిగేది.

మూడో సంబంధం కదిరప్పది. అది పోకూడదని నాకు ఉండె.

నేను కుట్టుపని నేర్చుకునేదానికి దినామూ రైల్లో బంగారుపేటకు పోతా ఉంటి. నేను నేర్చుకునే ఇంటికి పక్కనే కదిరప్ప మోటార్లు రిపేరు చేసే అంగడి. వాళ్ళ ఊరు టేకల్ పక్కన. ఒకనాడు నేరుగా వచ్చి, "నిన్ను మా అవ్వకు చూపించాలని ఉండాది, మీ ఇంటికి రావచ్చునా?" అన్నాడు. అటూ ఇటూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. "మా నాయన ముందు నిన్ను తడుముతాడు" అన్నాను. "తడమనీ. జోబిలో స్పానర్ తప్ప ఇంగేమీ లే" అన్నాడు. ఆ మాటకే నేను పడిపోతిని, ఏం దాచేది.

వాళ్ళ నాయన హనుమంతప్ప, వాళ్ళ అవ్వ చెన్నమ్మ, కదిరప్ప, ముగ్గురూ మమ్మల్ని చూసేదానికి వచ్చినారు. కదిరప్పకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. నేను వడలు చేసి పెట్టినాను. మా నాయన అలవాటుగా వడ తీసుకుని, విరిచి, రెండు ముక్కలూ వెలుతురుకు పెట్టి చూసి, అప్పుడు తిన్నాడు. మా అమ్మ పిల్లమ్మ సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. హనుమంతప్ప తినేది మానేసి మా నాయన చేతుల్నే చూస్తా కూర్చున్నాడు. పోయేటప్పుడు, "పిల్ల మాకు నచ్చిందమ్మా" అని మా అమ్మతో చెప్పి పోయినాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగినారో లేదో, మా నాయన మొదలుపెట్టినాడు.

"ఆ మొగం నేను చూసినాను."

"యాడ?" అంది అమ్మ.

"గేటు కాడ. తడిమినాను వాణ్ణి. నేను అడగలేదనుకుంటివా? గనిలో చేసినారా అంటే, కరువులో కొన్నాళ్ళు చేసినానప్పా అన్నాడు. కొన్నాళ్ళంటే ఏమి? ఏంటికి మానుకున్నాడు? పట్టుబడినాడా? కూలి చేసినోనికి పెంకుటిల్లు ఎట్ల వచ్చింది? బోరుబావి ఎట్ల వచ్చింది?"

"కష్టపడినాడేమో."

"కష్టపడినోళ్ళను నేను దినామూ చూస్తా ఉండాను. ఒక్కనికన్నా బోరుబావి ఉండాదా?"

ఇంగ ఈ మనిషి ఆ మొగాన్ని వదలడని తెలిసిపోయింది నాకు.

ఇంగొక చిక్కు గూడా ఉండె. కదిరప్ప ఇంట్లో సంబంధం ఖాయం చేసేది తాంబూలాలతో కాదు. టేకల్ అవతల కొండ చరియలో బండగూటి నరసింహస్వామి గుడి ఉండాది, పాతకాలపు గుడి. రెండిండ్లోళ్ళూ అక్కడికి ఎక్కిపోవాల. రాగిపిండి, బెల్లం, నెయ్యి కలిపి 'మాటముద్ద' అని ఒకటి పడతారు. సామి ముందర పిల్లోని నాయన దాన్ని పిల్ల నాయన చేతిలో పెడతాడు. పిల్ల నాయన దాన్ని అట్లే పిల్లోనికి అందియ్యాల. పిల్లోడు విరిచి సగం పిల్లకు పెడతాడు. అంతే, మాట ఖాయం. మధ్యలో అది విరిగితే మాట విరిగినట్లే. చెన్నమ్మ అవ్వ మాతో చెప్పే పోయింది, "నా మరదలికి ఒక సంబంధం అట్లనే పోయిందమ్మా. చేయి జారి పగిలింది. అట్లే దిగొచ్చేసినారు" అని.

మా నాయన చేతిలో ముద్ద! విరవకుండా! మా అమ్మకు నిద్ర పట్టలే ఆ వారమంతా. దినామూ సంగటి పెట్టేటప్పుడు ఆయన చేతిలో ముద్ద పెట్టి, "విరవకుండా నాకు ఇయ్యి చూద్దాం" అనేది. బొటనవేలు లోపలికి పోయేది. "ఇంగొకసారి" అనేది. ఇంగొకసారీ పోయేది. కడాకు బయలుదేరే పొద్దున ఆయన కుడి బొటనవేలికి పసుపు దారం కట్టింది.

"ఇదేంటికి?"

"దీన్ని చూసినప్పుడల్లా నీ కూతురు గుర్తుకు రావాల."

"నాకు గుర్తులేదనుకుంటివా?" అని కసురుకున్నాడు గానీ, దారం తియ్యలే.

రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ బెంగళూరు పోయే బండి పట్టుకున్నాము. దావ పొడుగునా మా నాయనకు డ్యూటీయే. ఎదురుగా కూర్చున్న ఆమె ఒడిలో బిడ్డ ఎంతసేపటికీ ఏడవలేదని అనుమానం. "బిడ్డేనా అది?" అని నా చెవిలో అన్నాడు. ఆ బిడ్డ కండ్లు తెరిచి ఆయన్ని చూసి ఒక్క కేక పెట్టింది. అప్పటికి గానీ ఆయనకు నెమ్మది రాలే. టేకల్‌లో కదిరప్ప ఎద్దులబండి తోలుకుని వచ్చి ఉండె. లోపల గడ్డి పరిచి పైన దుప్పటి వేసి ఉండె, మాకు మెత్తగా ఉండాలని. మా నాయన దుప్పటి ఎత్తి, గడ్డి ఎత్తి, కింద పలకలు తట్టి చూసినాడు.

"ఏం మామా, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అన్నాడు కదిరప్ప నవ్వుతా.

"ఏమీ లే, ఏమీ లే" అని ఎక్కి కూర్చున్నాడు. నేను తలొంచుకున్నాను.

కొండ కిందికి పోయినాక బండి దిగి తలెత్తి చూస్తే నాకే గుండె జల్లుమనింది. పైనుంచి కిందికి ఒకటే బండ, గోడ మాదిరి నిట్టనిలువుగా. దాని నడిమిన ఎవరో గిల్లి తీసినట్ల ఒక గూడు. ఆ గూట్లో గుడి. గుడికి పైన బండనుంచి పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడతా ఉండె. పైకి పోయేదానికి బండలోనే తొలిచిన మెట్లు, అరిగిపోయి నున్నగా. పక్కన పట్టుకునేదానికి ఇనుప గొలుసు. ఎన్ని వందల ఏండ్లనాటిదో ఎవరికీ తెలీదంట. మెట్ల పక్కన చెక్కిన అక్షరాలు గూడా ఉండాయి, ఇప్పుడు ఎవరికీ చదివేదానికి రావు.

కదిరప్ప, మా అమ్మ ముందు ఎక్కతా ఉండిరి. హనుమంతప్ప, చెన్నమ్మ అవ్వ పొద్దున్నే పైకి పోయినారంట. నేను నాయన వెనకాల. ఆయన గొలుసును గుంజి గుంజి చూసి గానీ అడుగు వేయడు. సగం దూరం పోయినాక ఉన్నట్టుండి నిలబడిపోయినాడు.

"గురువీ, ఇది చూడు" అని నన్ను పిలిచినాడు.

బండలో తెల్లగా ఒక చార. అదేమో మీకు తెలీకపోవచ్చు, మా ఊరోళ్ళకు పాలు తాగే వయసునుంచే తెలుసు. బంగారం ఉండేది తెల్లరాతి చారల్లోనే. నాయన వేలికి ఎంగిలి తడి చేసి ఆ చార మీద రుద్ది, కండ్లు దగ్గరగా పెట్టి చూసినాడు. అక్కడితో పోలే. మెట్టు పక్కన చదునుగా ఉన్న బండలో గుండ్రంగా గుంతలు ఉండె, రోళ్ళ మాదిరి. వాటిలో చెయ్యి పెట్టి తడిమినాడు.

"ఇంగేం కావాల!" అన్నాడు గొంతు తగ్గించి. "రాయి దంచే గుంతలు. మన గనిలో రాయి ఎత్తుకొచ్చి ఈ కొండ చాటున దంచినారు. ఎవురొస్తారు ఇక్కడికి? ఎవురు చూస్తారు? బోరుబావి ఎట్ల వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?"

"నాయనా, ఆ గుంతలు రాజుల కాలంనాటివి. చూడు ఎట్ల అరిగిపోయినాయో."

"రాజుల కాలంలో దొంగలు లేరా?"

"నాయనా!"

"నువ్వు ఉండు. ఆ మొగం యాడ చూసినానో, వాని దగ్గర ఏం దొరికిందో జ్ఞాపకం రాలేదు గానీ, పైకి పోయి సామి ముందరే అడుగుతా. దొంగకు తేలు కుట్టినట్ల మెదలకుండా ఉంటాడా, నోరు తెరుస్తాడా, చూస్తా. దొంగల ఇంటికి నా బిడ్డనిస్తానా?"

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చినాయి. గొలుసు పట్టుకుని ఆయనకు అడ్డం నిలబడినాను. కిందికి చూస్తే కండ్లు తిరిగే చోటు అది.

"అడిగితే ఈ సంబంధం పోతుంది. పోతే నేను ఇంగ పెండ్లే చేసుకోను. నాకు కదిరప్ప అంటే ఇష్టం. వాళ్ళు మన ఇంటికి రాకముందునుంచే ఇష్టం."

ఆయన నన్ను చూసినాడు. గేటు కాడ మనుషుల్ని చూసే చూపు అది, నాకు తెలుసు. తలనుంచి కాళ్ళదాకా పోయి మళ్ళీ తలకు వచ్చే చూపు.

"ఇన్నాళ్ళూ నా దగ్గర దాచినావా?"

"దాచినాను. నీ ఇంట్లో మనసులోది దాచుకోకుంటే బతికేదెట్ల? బయట పెడితే విరిచి చూస్తావు గదా!"

అనేసినాను. అనకుండా ఉండాల్సింది అని గూడా అనిపించలే ఆ పొద్దు. మా నాయన నన్ను దాటుకుని ఎక్కినాడు. గొలుసు గుంజి చూసేది గూడా మరిచిపోయినాడు.

పైన గూడు లోపలికి పోతే చల్లగా ఉండె. బండే కప్పు, బండే గోడ. మసిబారిన చిన్న గర్భగుడి, దానికి తలుపు గూడా లే. లోపల నరసింహస్వామి కండ్లు మాత్రం దీపానికి మెరుస్తా ఉండె. ఎక్కడో బండ సందులోనుంచి నీళ్ళు ఒక్కో చుక్కా తొట్టిలో పడతా ఉండాయి. "ఎండాకాలంలో నీళ్ళెట్ల?" అని నాయన కండ్లు పైకి పోయినాయి. అప్పుడే పక్కన దంచే శబ్దం వినిపించింది. ఆ పక్కకు తిరిగినాము.

బండలో కింద చూసినట్లాంటి గుంతే ఇక్కడా ఒకటి ఉండె. చెన్నమ్మ అవ్వ దాని ముందర కూర్చుని వేయించిన రాగులు పోసి దంచతా ఉండె. హనుమంతప్ప పక్కన బెల్లం కొడతా ఉండె. "వచ్చినారా అమ్మా! ఈ కొండ మీద మాటముద్దకు ఈ గుంతల్లోనే దంచాల. మా అత్త దంచింది, వాళ్ళత్త దంచింది" అంది అవ్వ.

నేను నాయన వైపు చూసినాను. ఆయన గుంతలోకి తొంగి చూసి, కొంచెం పిండి వేలితో తీసి నలిపి, వాసన చూసి వదిలినాడు. అడగలే. ఒక మెట్టు దిగినాడనుకుని ఊపిరి వదిలినాను. అంతలోనే నా పక్కకు వచ్చి, "మనం చూడాలనే దంచతా ఉండారు" అని గొణిగినాడు. కుక్కతోక వంకర అని ఊరికే అన్నారా!

పూజారి హారతి ఇచ్చినాడు. అవ్వ నెయ్యి పోసి ముద్ద పట్టింది, రెండు చేతులకు నిండుగా వచ్చేంత. హనుమంతప్ప దాన్ని సామి ముందర చూపించి, మా నాయన ఎదుటికి వచ్చి నిలబడినాడు. మొగానికి మొగం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయన నోరు తెరిచినాడు. అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు, అయిపోయింది అనుకున్నాను. ఆయన నన్నొకసారి చూసి, మాట మింగేసి, దోసిలి పట్టినాడు.

ముద్ద ఆయన చేతిలో పడింది. కదిరప్ప పక్కనే చేతులు చాపి నిలబడి ఉండె. తిరిగి అందియ్యడమే, అంతే పని. మా అమ్మ కండ్లు ఆ పసుపు దారం మీదనే ఉండాయి. నాయన పెదాలు బిగబట్టి మెల్లగా తిరిగినాడు. ముద్ద బరువు చూసినట్ల చెయ్యి ఒకసారి పైకీ కిందికీ ఆడింది.

బొటనవేలు లోపలికి పోయింది.

ముద్ద రెండయింది. ఇంగ చెప్పేదానికి నాకే సిగ్గు, ఆ మనిషి రెండు చెక్కలనూ దీపం వైపు తిప్పి లోపల చూసినాడు గూడా! ముద్ద పొడిపొడిగా ఉండేది, సగానికి సగం రాలి బండ మీద పడింది. అప్పుడు తెలివి వచ్చింది ఆయనకు.

"అయ్యో సామీ" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంటా కూలబడిపోయింది. నాకు నోరు ఆగలే. "చూసినావా నాయనా? బాగా చూసినావా? దొరికిందా నీ బంగారం? నా బతుకును విరిచి చూస్తివి గదా!" అని అరిచినాను. గుడి అని గూడా చూడలే. నా అరుపు ఆ బండకు తగిలి మళ్ళీ నాకే వినిపించింది.

చెన్నమ్మ అవ్వ లేచింది. "అయిపోయిందిలే. సామి ఒప్పలే. హనుమంతా, సామాన్లు ఎత్తు, దిగుదాం" అంది. కదిరప్ప చాపిన చేతులు అట్లే ఉండాయి.

హనుమంతప్ప కదలలే.

"ఏం దొరికిందప్పా?" అని అడిగినాడు మా నాయనను. కోపం లేదు ఆ గొంతులో.

"ఏమీ లే" అన్నాడు నాయన. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలే.

"ఆ దినాల్లో గూడా ఏమీ దొరకలే గదా. పచ్చగిన్నె జ్ఞాపకం ఉండాదా? సొట్టపోయిన పచ్చగిన్నె. అందులో సగం ముద్ద."

మా నాయన తలెత్తినాడు. "సగం ముద్ద..." అన్నాడు. "నువ్వా! సగం తిని సగం మళ్ళీ పైకి తెచ్చేవాడివి. పొద్దంతా రాళ్ళ బండి తోసినోడు, ఆకలయ్యేటోడు, సగం ఏంటికి మిగిలిస్తాడని నాకు అనుమానం. దినామూ విరిచినాను. పొడి చేసి చూసినాను. ఏనాడూ ఏమీ దొరకలే. దొరకలేదని ఇంగా అనుమానం."

"వీని కోసమప్పా" అని హనుమంతప్ప కదిరప్ప భుజం మీద చెయ్యి వేసినాడు. "తల్లి పోయిన కొత్త. కరువుకు ఊరొదిలి అమ్మను, వీణ్ణి ఎత్తుకుని లైన్ల పక్కన గుడిసె వేసుకుంటిని. అమ్మ ఏం పెట్టినా తినడు. భూమి లోపలికి పోయి వచ్చిన ముద్ద కావాల వీనికి. అందులో ఏదో రుచి ఉంటుందని. వీని కోసం నేను సగం కడుపు మాడ్చుకుని తెస్తే, దినామూ అది పొడి. 'ముద్దను ఎవురు విరిచినారు నాయనా' అంటాడు. గనిలో ఎలుక కొరికిందిరా అని చెప్పేవాణ్ణి. ఇంగేం చెప్పేది?"

"ఆ ఎలుకను కొట్టాలని కట్టె పట్టుకుని రోజూ గేటు బయట కూర్చునేవాణ్ణంట" అన్నాడు కదిరప్ప. నవ్వబోయినాడు గానీ ఆ నవ్వు రాలే.

"వానలు పడినాక ఊరికి వచ్చేసినాము. ఎలుక మీద నా కడుపులో మంట మాత్రం పోలే" అన్నాడు హనుమంతప్ప. "పరాయి ఊరోణ్ణి, దిక్కులేనోణ్ణి అని నన్ను ఒక్కణ్ణే అట్ల చేసినావనుకుంటిని. మీ ఇంటికి వచ్చి చూస్తినా, కన్నకూతురు చేసిన వడను గూడా నువ్వు విరిచి చూసినావు. ఆ పొద్దే ఆరిపోయిందప్పా ఆ మంట. నా మీద అనుమానం కాదు, ఈయన చేతికే ఏదో రోగం అనుకున్నాను. అందుకే పిల్ల నచ్చిందని చెప్పొచ్చినాను."

మా నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బండ మీద రాలిన పిండిని ఏరతా ఉండాడు. గేటు కాడ మనుషుల జుట్టులో వెతికినట్లే, ఒక్కో నలుసూ వేళ్ళతో తడిమి తడిమి తీసినాడు. సందుల్లో పోయినదాన్ని గోటితో గీకి తీసినాడు. అంతా అరచేతిలో పోసుకుని పిసకతా, బొటనవేలితో ఒత్తతా, ముద్ద చేసినాడు. పసుపు దారం పిండితో నల్లగా అయిపోయింది. అది ముద్ద మాదిరే లే, అంతా పగుళ్ళు. మళ్ళీ మళ్ళీ ఒత్తినాడు. చెన్నమ్మ అవ్వ ఏదో అనబోయి, చెంబులో మిగిలిన నెయ్యి తెచ్చి ఆయన చేతిలో కొంచెం వంచింది.

లేచి కదిరప్ప ముందర నిలబడినాడు. రెండు చేతులతో ముద్దను చాపినాడు.

"నాకు చెప్పేదానికి చేతకాదు నాయనా" అన్నాడు. "తీసుకో. నువ్వే చూసుకో."

కదిరప్ప ముద్దను తీసుకున్నాడు. మా నాయన మొగంలోకి చూసినాడు. ఏం చేస్తాడో నాకు తెలీలే. బొటనవేలు పెట్టి ముద్దను విరిచినాడు. రెండు చెక్కలనూ దీపం వైపు తిప్పి, తల వంచి, ఒకదాని తర్వాత ఒకటి బాగా చూసినాడు, అచ్చం మా నాయన చూసినట్లే. ఒక సగం నా చేతిలో పెట్టినాడు. ఇంగొక సగం నోట్లో వేసుకుని నమిలినాడు. నేనూ తిన్నాను, పండ్ల కింద బండ ఇసుక కరకరలాడింది.

మా నాయన ఇంగా చేతులు చాపుకునే నిలబడి ఉండాడు.

కదిరప్ప మింగి, ముక్కుతో ఒక శబ్దం చేసినాడు.

"ఊ... పోండి, మామా."

మా నాయన పోలే. ఆ తలుపు లేని గుడి ముందరే నిలబడి, రెండు చేతులూ మొగానికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చినాడు. ఆయన గడ్డమంతా రాగిపిండి అయ్యింది.